కరాటే తరగతిలో జోడు కష్టములు

ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు రెండు రోకళ్ళతో దంచుట మన పాఠకురాండ్రలో పెద్దవారు చూచియే యుందురు. చిన్నవారు వినియైన నుందురు. ఒకతె రోకలి దిగునప్పుడు రెండవయామె రోకలి పైకి లేచి యుండవలెను. ఈ లయ కుదిరినచో ఇద్దరి పని నలుగురి పని యగును. కుదరనిచో రోకలి రోకలికి తగిలి చేతులు జివ్వుమనును; బియ్యము నూకయగును; తుదకు చెలిమియు నూకయగును. మా అమ్మమ్మ ఎవరితోబడిన వారితో దంచుటకు సమ్మతించెడిది కాదు. “దానితోనా? దాని పోటు దాని యిష్టం” అని మూతి త్రిప్పెడిది. ఇన్నేండ్ల తరువాత ఆమె మాట మాకు కరాటే తరగతిలో జ్ఞప్తికి వచ్చినది.

సంగతి మొదటినుండి చెప్పవలెను. మా అమ్మాయి ఎనిమిదవ తరగతి చదువుచున్నది. ప్రభుత్వ పాఠశాలలలో ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు గల బాలికలకు ఆత్మరక్షణ విద్య నేర్పుటకై సమగ్ర శిక్షవారి యేర్పాటొకటి కలదు. ఝాన్సీ రాణీ లక్ష్మీబాయి పేర జరుగు మూడు మాసముల శిక్షణము అది. మా పిల్లయు అందు చేరినది. మూడవ వారమున ఇంటికి వచ్చి, పుస్తకముల సంచి మూలకు విసరి, “అమ్మా, నేను రేపటి నుంచి కరాటేకు పోను” అన్నది. గురువు కోపిష్ఠియేమో యని యడిగితిమి, కాదట. దెబ్బ తగిలినదేమో యని చేయి పట్టి చూచితిమి; కొంచెము కమిలినది గాని అదియు పెద్దది కాదు.

“సారు మంచిగనే చెప్తడు. నా జోడి పిల్లతోనే తిప్పలు. మెల్లగ అంటే గట్టిగ గుంజుతది. వద్దంటే నవ్వుతది” అన్నది.

అప్పుడు మేమేమంటిమో వ్రాయుటకు సిగ్గగుచున్నది. “కొంచెం సర్దుకోవాలె బిడ్డా. అందరు నీ లెక్కనే ఉంటరా?” అంటిమి. అది మా తల్లి మాతో అన్న మాట. ఆమె తల్లి ఆమెతో అన్న మాట. పిల్ల మారుమాటాడక లోనికి పోయినది. మిగిలిన దినములు తరగతికి పోయినది గాని కరాటే మాట మరల మాయెదుట ఎత్తలేదు.

నిరుటి వేసవి సెలవులలో మా నాగర్‌కర్నూలులో స్త్రీలకు ప్రత్యేకముగ ఒక కరాటే తరగతి తెరచిరి. కేసరి సముద్రపు గాలి తగులు తావున ఒక మేడమీద, సాయంకాలము గంటసేపు. ఎదురింటి వదిన వచ్చి “పోదాం రా పంతులమ్మా, నడుము నొప్పన్న తగ్గుతది” అనగా బయలుదేరితిమి. మా యింటివారు బడిపంతులు గనుక వీథివారందరికి మేము పంతులమ్మమే. మా చదువు మాత్రము నాయనగారు ఇంట కూర్చుండబెట్టి చెప్పిన భారతము, ప్రబంధములే గాని బడిలో నేర్చినది కాదు. తెల్లని కరాటే దుస్తు తొడిగి, నడుమున పట్టీ బిగించి అద్దములో చూచుకొన్నప్పుడు విరాటుని కొలువులో నిలిచిన బృహన్నల స్ఫురించినమాట నిజము. మా యింటివారు నవ్వు దాచుకొనుటకు వార్తాపత్రిక అడ్డము పెట్టుకొనిరి.

మొదటి నాలుగు దినములు ఒంటిగా చేయు పనులే. కాళ్ళు ఎడముగ నిలుపుట, పిడికిలి బిగించుట, గ్రుద్దుతోపాటు ఊపిరి విడుచుట. ఎవరి తప్పు వారిది, ఎవరి చెమట వారిది. అయిదవనాడు గురువుగారు “జోడీలుగా నిలబడండి” అనిరి. కష్టములు అక్కడనుండి మొదలయినవి.

సాములో ఎదుట నిలుచువానిని మనవారు జోడు అందురు. జపానువారు జూడోలో పడవేయువానికి తోరి యనియు, పడువానికి ఉకే యనియు పేరు పెట్టిరి. ఉకే యనగా గ్రహించువాడు. పడుటయు ఒక విద్యయే యని ఆ పేరే చెప్పుచున్నది. గడ్డము రొమ్మున కానించి, వీపు గుండ్రముగ చేసి, చేయి చాచి అరచేతితో చాపమీద చరచి, పడిన దెబ్బను ఒక్కచోట నిలువనీయక పరచవలెను. పడునప్పుడు చేయి నేలకు ఊతగా పెట్టినచో మణికట్టు పోవును. ఇది వచ్చిన పిమ్మటగాని పడవేయుట నేర్పరు. కాని మన తరగతులలో ఈ గ్రహించు పాత్రను ఎవరును పాత్రగా నెంచరు. తన వంతు ఎప్పుడు వచ్చునా యని ఎదురుచూచుటయే. పెండ్లి బంతిలో ప్రక్కవిస్తరి వడ్డన చూచుచు కూర్చున్నట్లు నిలుచుందురు.

మా జోడు ఎదురింటి వదినయే. అంతకంటె మంచి మనిషి మా వీథిలో లేదు. మొదట మణికట్టు విడిపించుకొనుట నేర్పిరి. మన చేయి పట్టిన పిడికిలిలో నాలుగువ్రేళ్ళ ప్రక్క బలము. బొటనవ్రేలి కొనయు మిగిలిన వ్రేళ్ళ కొనలును కలియు తావు బలహీనము. మణికట్టు గుండ్రని కఱ్ఱవలె నుండదు, బల్లవలె పలుచనిది. దాని సన్నని అంచును ఆ సందువైపు త్రిప్పి, మోచేయి మడచి, ఎదుటివానివైపునకే ఒక అడుగు వేసి, చేతితో గాక మేనితో లాగవలెను. వినుటకు సులభమే. వదిన మా చేయి పూలదండ పట్టుకొన్నట్లు పట్టుకొనెను. మేము త్రిప్పితిమి, వదలెను. మరల పట్టెను, మరల వదలెను. “మస్తు వచ్చింది నీకు” అని మెచ్చుకొనెను. మా వంతు వచ్చినప్పుడు మేమును అట్లే పట్టి, అట్లే వదలి, అట్లే మెచ్చుకొంటిమి. ఈ మర్యాద రెండు మాసములు జరిగినది.

అంతలో మా మరది కుమారుడు, పదునాల్గేండ్లవాడు, వనపర్తినుండి వచ్చెను. “పెద్దమ్మా, ఏం నేర్చినవో చూపియ్యి” అని వంటింటి గుమ్మమున మా కుడిచేయి పట్టుకొనెను. త్రిప్పితిమి. రాలేదు. గుంజితిమి. రాలేదు. రెండవచేయి సాయము చేసితిమి. వాడు రెండవచేతితో దానిని కూడ పట్టుకొనెను. వాడు నవ్వుచునే యున్నాడు. మేము మాత్రము నవ్వుట మానియుంటిమి. చేయి నొప్పి యటుండనిండు, గుండె కొట్టుకొన్న తీరు ఇప్పటికిని జ్ఞప్తియున్నది. అమ్మాయి నడవలో నిలిచి అంతయు చూచుచున్నది. తుదకు పొయ్యిమీద పాలు పొంగుట వాడు చూచి తానే వదలిపెట్టెను.

ఆ రాత్రి చాలసేపు నిదుర పట్టలేదు. పట్టినది మా యింటి పిల్లవాడు, నవ్వుచు పట్టినాడు, పాలకొఱకు వదలినాడు. మఱియొకడు పట్టినచో? రెండు మాసములలో మాకు విద్య రాలేదు. విద్య వచ్చినదన్న నమ్మకము మాత్రము వచ్చినది. ఏమియు రాని యామె ఆపద కనబడగనే పరుగెత్తిపోవును. వచ్చినదనుకొన్న యామె నిలుచును. సడలు పట్టులో ఏ త్రిప్పుడైనను పనిచేయును. తప్పు త్రిప్పుడును పనిచేయును. అనగా మేము రెండు మాసములు తప్పునే శ్రద్ధతో అభ్యసించితిమి. మా తరగతిలో గ్రుద్దు కాచుకొనుటలోను ఇదే వరుస. దెబ్బ తగులకముందే ఆపవలెనన్న నియమము కరాటేలో నున్నది, మంచిదే. కాని తగులగల దూరమునుండి విసరి ఆపుట వేరు. ఎట్లును తగులనంత దూరమున నిలిచి గాలిని గ్రుద్దుట వేరు. రెండవదానికి అలవాటుపడిన కన్ను దూరము కొలుచుట నేర్చుకొనదు.

తెల్లవారినది మొదలు మాకు వదినమీద కోపము. ఆమె మమ్ము మోసము చేసినట్లు తోచినది. ఆ సాయంకాలము మా వంతు రాగా ఒక్క మాటయైన చెప్పక ఆమె చేయి మా బలమంతయు పెట్టి పట్టి త్రిప్పితిమి. అందులో ఆమె చిటికెనవ్రేలు మా పిడికిట చిక్కి యున్నదని చూడలేదు. ఆమె “అబ్బ” అనలేదు. పెదవి కొరికికొని ఊరకుండెను. తరగతి ముగియువేళకు వ్రేలు వంకాయవలె ఉబ్బెను. మరునాటినుండి ఆమె రాలేదు.

కీళ్ళ సంగతి ఇక్కడ చెప్పవలెను. మోచేయి, మణికట్టు, వ్రేళ్ళ కీళ్ళు కండవలె ముందుగ హెచ్చరిక చేయవు. నొప్పి తెలియునప్పటికి కీలును పట్టియుంచు కట్లు సాగియే యుండవచ్చును. అందుకే కీలుపట్లు ఎప్పుడును మెల్లగనే పట్టవలెను. పట్టుబడినయామె అరచేతితో తన మేనినో, చాపనో, జోడునో రెండుసార్లు చరచినంతనే వదలవలెను. ఈ చరపు జూడోలోను కుస్తీవంటి పట్లలోను ఓటమికి గురుతు గాదు, మాటకు బదులు. ఇది మా గురువుగారు మొదటివారముననే చెప్పిరి. మేమును విని తలయూపినవారమే.

భారతము చదివినవారికి ఈ జోడు తగవులు కొత్తవి కావు. బాల్యమున భీముడు ధార్తరాష్ట్రులను నీట ముంచి యూపిరాడకుండ చేయుటయు, చెట్టెక్కినవారిని చెట్టు కుదిపి పండ్లతోపాటు రాల్చుటయు ఆదిపర్వమున నున్నవి. అతనికి అది ఆట. రాలినవారికి కాదు. పిమ్మట ద్రోణాచార్యులవారు కుమారుల విద్యాప్రదర్శనము చేయించినప్పుడు భీమదుర్యోధనులు గదలతో తలపడిరి. చూచువారు రెండు పక్షములైరి. ప్రదర్శనము నిజమైన పోరుగా మారబోవుట కనిపెట్టి ఆచార్యుడు అశ్వత్థామను పంపి ఇద్దరిని విడదీయించెను. మేము ఈ కథ ఎన్నిమారులు చదివితిమో! ఎన్నడును భీముని ప్రక్కనే నిలిచి చదివితిమి. వదిన వ్రేలు చూచిన తరువాత ఒకసారి చెట్టునుండి రాలినవారి ప్రక్క నిలిచి చదివితిమి.

వదిన రాని ఎనిమిది దినములు మేము ఒక్కొక్కనాడు ఒక్కొక్కరికి జోడైతిమి. తరగతిలో నుండు రకములన్నియు అప్పుడే మాకు తెలిసినవి. ఒకామె పసుపుపచ్చ పట్టీ సంపాదించి మాసమైనది. ఆమెతో నిలిచినచో మన వంతంతయు ఆమె యుపన్యాసమే. “కాలు అట్ల గాదు, ఇట్ల” అని వంగి మన మోకాలు సర్దును. అంతలో గురువుగారు “మార్చుకోండి” అందురు. కర్ణుని రథముపై కూర్చుండి కర్ణుని ఉత్సాహము నూడ్చిన శల్యుడు ఈమెకు దూరపు చుట్టమై యుండవలెను. మఱియొకామెకు మాటలు. పట్టు పట్టుచునే బంగారము ధర అడుగును. త్రిప్పుడు త్రిప్పుచునే కోడలి సంగతి చెప్పును. పెద్దదిక్కు కదా యని ఊకొట్టితిమి; ఊకొట్టుచు ఒక గ్రుద్దు భుజమున తిన్నాము. ఇంకొకతెకు గోళ్ళు. కరాటే పోటీలలో పొడవు గోళ్ళును, లోహపు నగలును నిషిద్ధములు. మా తరగతిలో ఆ నియమము గోడమీద వ్రాసి యున్నది, గోడమీదనే యున్నది. గాజులు తీసిపెట్టుట కీడని కొందరి నమ్మకము. మేము వారి నమ్మకమును ఆక్షేపింపము. గాజు చిట్లినచో అది జోడు చేతిలోనే దిగునని మాత్రము చెప్పుదుము. అట్టివారికి చేతికి బట్టపట్టీ చుట్టుకొను వెసులుబాటు గురువుగారు కల్పించిరి, అది బాగున్నది.

ఒకనాడు మాకంటె ఇంతకు రెండింతలున్న యామె జోడైనది. పొలము పని చేసిన దేహము. ఆమె పట్టు వదలించుకొనుట మావల్ల కాలేదు. ఆమె తప్పు లేదు, మా తప్పును లేదు. ఇట్టి జోడు దొరికినప్పుడు చాలమంది ముఖము చిట్లించుకొందురు. జూడో విద్యను స్థాపించిన కానో జిగోరోగారు పొట్టివారు, సన్ననివారు. 1882లో తమ పాఠశాల కోడోకాన్ పెట్టకముందు, ఫుకుదాయను గురువువద్ద జుజుత్సు నేర్చుకొనునప్పుడు, తమకంటె చాల బరువైన సహాధ్యాయిని ఎంత ప్రయత్నించినను పడవేయలేకపోయిరి. కోపించుటకు బదులు గ్రంథాలయమునకు పోయి పాశ్చాత్యుల కుస్తీ పుస్తకములు వెదకి, ఎదుటివానిని భుజములపై కెత్తి త్రిప్పి వేయు పట్టొకటి కనిపెట్టి, దానితో ఆ భారీ మనిషిని పడవేసిరి. ఆ పట్టు నేటికిని జూడోలో నున్నది. కష్టమైన జోడు ఇచ్చిన కానుక అది. పాతపద్ధతి సాములలో దెబ్బలు ఎక్కువగా తగులుట చూచి, అపాయకరమైన పట్లను అభ్యాసమునుండి వేరుచేసి, మిగిలినవానిలో ఇద్దరును బలము దాచుకొనక పోరాడునట్లు ఆయన యేర్పరచిరి. ఇద్దరి మేలును కలిసియే పెరుగవలెనన్నది ఆయన పెట్టిన సూత్రములలో నొకటి.

ఆ గురువు ఫుకుదాగారి మనుమరాలు కెయికో ఫుకుదా. అయిదడుగులైన లేని యీమెను 1935లో కానోగారే స్వయముగ పిలిచి స్త్రీల విభాగమున చేర్చుకొనిరి. స్త్రీలకు అయిదవ మెట్టు దాటి బిరుదీయరాదన్న కట్టుబాటుచే ఆమె చాలయేండ్లు అక్కడనే నిలిచిపోయెను. 1970 తరువాతగాని ఆరవమెట్టు దొరకలేదు. 2011లో అమెరికాలోని జూడో సంఘమొకటి పదియవ మెట్టు నొసగెను. 2013లో 99 యేండ్ల వయసున కన్నుమూయువరకు ఆమె ఈ విద్యనే నమ్మియుండెను. మన దేశమున కవి రవీంద్రులు 1929లో తకగాకి యను జపాను గురువును శాంతినికేతనమునకు రప్పించినప్పుడు బాలురతో పాటు బాలికలును ఈ విద్య నేర్చిరి. ఇక మన తెలంగాణమునకు వత్తము. నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులునందును, 2023లో ఢిల్లీయందును బాక్సింగులో ప్రపంచ విజేత యయ్యెను. ఆమె మొదట నేర్చు దినములలో తోడి బాలికలు లేక బాలురతోనే తలపడవలసి వచ్చెను; ముఖమున నెత్తురుతో ఇంటికి వచ్చిన బిడ్డను చూచి తల్లి తల్లడిల్లెను. మాకు వలె ఎదురింటి వదిన యుండుటయే భాగ్యమని అప్పుడు తోచినది.

కాని అభిమానము అడ్డుపడి వదినయింటికి పోలేదు. పోక, ఏమి చేసితిమనుకొన్నారు? జోడులతో విసిగి ఇంటనే చరవాణిలో పాఠములు చూచి ఒంటిగా అభ్యసింపబూనితిమి. చాలమంది చివరకు ఈ దారినే పట్టుదురు. తలుపు గడియకు తువ్వాలు కట్టి దానిని ఎదిరి చేయిగా నెంచి త్రిప్పితిమి. తువ్వాలు గాజులు తొడుగుకొనదు, బంగారము ధర అడుగదు. సుఖముగనే యుండెను. మూడవనాడు దుర్యోధనుని యినుప భీముడు జ్ఞప్తికి వచ్చెను. భీముని ప్రతిమను ఇనుముతో చేయించి, పదుమూడేండ్లు దానిమీద గదాభ్యాసము చేసినవాడతడు. ఇనుప భీముడు గట్టివాడే, సందేహము లేదు. కాని ఎన్నడును తిరిగి కొట్టలేదు, నియమము తప్పలేదు, ప్రక్కకు జరుగలేదు. నిజమైన భీముడు తొడమీద కొట్టునని ఆ ప్రతిమ నేర్పలేదు. తువ్వాలు మడిచి పెట్టెలో పెట్టితిమి.

తొమ్మిదవనాడు సకినాలు పొట్లము కట్టుకొని వదినయింటికి పోతిమి. వ్రేలికి ప్రక్కవ్రేలు జతచేసి పట్టీ కట్టియున్నారు. క్షమింపుమనుట మాకు రాదు. సకినాలు ముందు పెట్టితిమి. ఆమె కొంచెము విరిచి నోట వేసికొనెను. అప్పుడు అడిగితిమి.

“నొప్పయితే చరచమని సారు చెప్పిండు గద వదినా, ఎందుకు చరచలేదు?”

“నువ్వు కోపంల ఉన్నవు పంతులమ్మా. ఆపుమంటే ఇంక కోపమైతదేమో అనుకున్న.”

“మరి రెండు నెలలు నా చెయ్యి అంత మెల్లగ ఎందుకు పట్టినవు?”

“గట్టిగ పడితే నీకు నొప్పి లేస్తది గద.” కొంతసేపు ఊరకుండి మరల అనెను: “నువ్వు గూడ నన్ను అట్లనే పట్టినవు. నేను రోజు పొద్దుగూకినంక బస్సు దిగి బాట పట్టుకొని ఒక్కదాన్నే నడుచుకుంట వస్త. నాకు నిజంగనే రావాలె.”

ఈమె బిజినేపల్లి దిక్కున ఒక అంగన్‌వాడీలో పనిచేయును. ఈ సంగతి మాకు తెలియనిది కాదు. రెండేండ్లుగ ఆమె వచ్చువేళకు మేము గుమ్మమున దీపము వేయుచునే యున్నాము. అయినను ఆమె చేయి పూలదండవలె పట్టి, “మస్తు వచ్చింది” అని చెప్పి ఆ బాటలోనికి ఆమెను పంపినవారము మేమే. మా మణికట్టు సంగతి ఆలోచించి రాత్రియంత మేలుకొన్నవారము, ఆమె మణికట్టు మాకు స్మృతికే రాలేదు. నొప్పి కలిగినప్పుడు “ఆపు” అనుటయు, చాలనప్పుడు “ఇంకా గట్టిగ” అనుటయు మా ఇద్దరికిని రాలేదు. వండిన కూరలో ఉప్పు చాలలేదని యజమానికి చెప్పనీయక, ముందే మనము నొచ్చుకొను అలవాటు వంటింటినుండి చాపమీదికి కూడ వచ్చినది కాబోలు. వీథిలో ఎవడో దుర్మార్గునితో “వదులు” అని కేకవేయవలెనని మూడు మాసములు నేర్చుచు, ఎదుటనున్న చెలితో “కొంచెము వదులు” అనలేకపోతిమి.

కొలత యెట్లని ఆలోచించితిమి. గట్టిగ, మెల్లగ అను మాటలు ఒక్కొక్కరికి ఒక్కొక తీరు. అప్పుడు వదినయే పొయ్యిమీది పాలగిన్నె చూచి చెప్పెను: సన్నసెగ, నడిమిసెగ, పెద్దసెగ. సన్నసెగ యనగా దారి తెలియుటకు మాత్రమే పట్టుట. పట్టినయామె ఏమియు అడ్డుపడదు. నడిమిసెగలో పట్టు నిలుపవలెను; సరిగా త్రిప్పినచో వదలవలెను, తప్పుగ త్రిప్పినచో వదలరాదు. పెద్దసెగలో వదలనే వదలరాదు, విడిపించుకొనుట ఎదుటియామె పని. ఏ సెగ కావలెనో చేయి ఇచ్చినయామె చెప్పవలెను, పట్టినయామె కాదు. కీళ్ళ పట్టులకు సన్నసెగయే గాని పెద్దసెగ లేదు. చరచినంతనే పొయ్యి ఆర్పవలెను.

ఇది మా గొప్పయని చెప్పుట లేదు. కేరళదేశపు కలరిపయట్టులో మొదట మేనికి సాధన. పిమ్మట జోడుగా కఱ్ఱలు. ఆ పిమ్మటగాని ఇనుప ఆయుధములు రావు. కఱ్ఱల జోడులో గురువు వాయిదారి యను ఆజ్ఞలు పలుకుచుండగా ఇద్దరును ముందే యేర్పడిన వరుసలో కొట్టుచు కాచుకొనుచు నడతురు. ఏడేండ్లనాటినుండి ఈ విద్య నేర్చి, ముదిమిలోను నేర్పుచు, 2017లో పద్మశ్రీ నందిన వడకర మీనాక్షి అమ్మగారి కలరిలోను ఈ క్రమమే. మన పల్లెలలో కోలాటమాడు ఆడువారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. జోడు కోల ఎప్పుడు వచ్చునో యెరిగియుండుటచేతనే వ్రేళ్ళు దక్కుచున్నవి.

వదిన వ్రేలు మానినాక మరల తరగతికి పోతిమి. ఇద్దరు పడుచులు మా సెగల మాట విని నవ్విరి. వారమునకు వారును “నడిమిసెగ” అనసాగిరి. ఉపన్యాసకురాలు మాత్రము ఏ సెగకును లొంగలేదు. ఆమెతో జోడు పడినప్పుడు “అక్కా, ముందుగల మూడుసార్లు చేయనీ, ఆ తర్వాత చెప్పు” అని గట్టిగ చెప్పితిమి. ఒకనాడు మూతి ముడుచుకొనెను. రెండవనాడు మూడుసార్లు లెక్కపెట్టి మరి చెప్పెను.

ఇంట అమ్మాయికి జరిగినది యంతయు చెప్పితిమి. సర్దుకొమ్మని ఆనాడు అన్నమాట తప్పని కూడ చెప్పితిమి. పిల్ల తలయెత్తక లెక్కలు చేయుచునే వినెను. బడి తెరచిన కొలదిదినములకు ఆటస్థలమున తన పాత జోడుతో ఏమో మాటాడినదట. ఏమని యని యడిగితిమి. “నువ్వు నవ్వితే నేను ఆటకు రాను అని చెప్పిన” అన్నది. ఆ పిల్ల ఏమన్నదని యడిగితిమి. “నాకు గూడ నొప్పి చేసినవు నువ్వు, చెప్పలేదంతే అన్నది” అని చెప్పి మరల లెక్కలలో పడినది.

నిన్న సాయంకాలము వదిన ఎదుట నిలిచి చేయి చాచి “పెద్దసెగ” అంటిమి. ఆమె రెండుచేతులతో పట్టెను. మొదటిసారి రాలేదు. రెండవసారి రాలేదు, మోచేయి మడచుట మరచితిమి. మూడవసారి అడుగు ముందుకు వేసి త్రిప్పగా చేయి బయటికి వచ్చినది, మణికట్టుచుట్టు ఆమె వ్రేళ్ళ గురుతులు ఎఱ్ఱగ నున్నవి. ఊపిరి తీసికొనకముందే ఆమె తన చేయి చాచి “ఇగ నన్ను పట్టు” అనెను.